చాందో సంతకం

ముచానెట అంటే మా భాషలో 'మీకే విసుగొస్తుంది' అని అర్థం. ఆ పేరు తల్లి పక్కింటివాళ్ళ కోసం పెట్టింది. వరసగా నలుగురు ఆడపిల్లలేనా అని వాళ్ళు ఎగతాళి చేశారు. అయిదోసారీ ఆడపిల్లే పుట్టింది. పిల్ల పేరే జవాబయింది. మా వైపు సగం పేర్లు ఇలా పుట్టినవే.

బికిటా కొండల కింద, వాగు ఒడ్డున ఆమె కుండలు చేసేది. మాకు సారె లేదు. మట్టిని తాడులా పేని, చుట్టు మీద చుట్టు పేర్చి, గింజ ఒలిచిన మొక్కజొన్న కండెతో నునుపు చేస్తారు. తర్వాత కాలుస్తారు. కాల్చాక కుండలన్నీ ఒకేలా ఉంటాయని మగవాళ్ళు అంటారు. ముచానెట అంచు మీద వేలు తిప్పి చెప్పేది.

"ఇది రెవాయి చేసింది. దాని బొటనవేలు ఎడమకి లాగుతుంది."

ఆమె మాట ఎప్పుడూ తప్పలేదు.

జైరోసి దర్జీ. కొట్టు అరుగు మీద తొక్కుడు మిషను పెట్టుకుని కుట్టేవాడు. పొడుగ్గా ఉంటాడు, మోకాళ్ళు మిషను కింద పట్టేవి కావు. ఆమె జాకెట్టు కుట్టించుకోవడానికి వెళ్తే కొలత తీసుకోకుండానే కుట్టి ఇచ్చాడు.

"కొలవకుండా ఎలా కుట్టావ్?"

"నువ్వు కుండ కొలిచి చేస్తావా?"

జాకెట్టు చంకల్లో బిగుతైంది. ఆమె ఆ సంగతి పెళ్ళయ్యాకే చెప్పింది. వాళ్ళకి ఒక్కతే కూతురు, సెకాయి.

డెబ్బై ఎనిమిదిలో కొండల్లో, తెల్లవాళ్ళ సర్కారు మీద పోరాడే అన్నలుండేవారు. రోడ్డు మీద సైనికులుండేవారు. మధ్యలో మేముండేవాళ్ళం. మూసేసిన బడిలో సైనికులు క్యాంపు పెట్టారు. చిరిగిన బట్టలు కుట్టమని జైరోసికి కబురు పంపారు. వెళ్ళాడు. మూడో రోజు మధ్యాహ్నం ముచానెట మట్టి తవ్వుకునే చోటికి ఒక మనిషి వచ్చాడు. పాతికేళ్ళుంటాయేమో. భుజాన తుపాకీ ఉంది, కాళ్ళకి రెండు రకాల బూట్లున్నాయి. మొగుణ్ణి పిలుచుకు రమ్మన్నాడు. అతన్ని చాందో అనేవాళ్ళు. చాందో అంటే చలి. అన్నలెవరూ తల్లిదండ్రులు పెట్టిన పేరు చెప్పరు. ఆ పేరు శత్రువుకి తెలిస్తే ఇంటికి నిప్పు పెడతారు.

"నువ్వు సైనికుల ప్యాంట్లు కుడుతున్నావట," అన్నాడు చాందో.

"తుపాకీ ఉన్నవాడు పిలిచాడు. నువ్వు పిలిస్తే రాలేదా?"

"మళ్ళీ పిలుస్తారా?"

"వాళ్ళు కూర్చునే తీరుకి ప్యాంట్లు నెలాఖరుదాకా ఆగవు."

చాందో నవ్వాడు. "అయితే వెళ్తూ ఉండు. ఎంతమంది ఉన్నారు, ఏ వైపు కాపలా తక్కువ, చూసి చెప్పు."

జైరోసి మట్టిగోతి అంచున కూర్చున్నాడు. 

"చెప్తాను. కానీ మీవాళ్ళే నన్ను ద్రోహి అంటే?"

చాందో సంచిలోంచి బడిపిల్లల నోటుబుక్కు తీసి ఒక కాగితం చించాడు. మోకాలి మీద పెట్టుకుని రాశాడు. చివర సంతకం చేశాడు. పైకి చదివాడు.

"కామ్రేడ్లందరికీ. ఈ జైరోసి, దర్జీ, సింహం వంశం, మా ఆజ్ఞ మీదే సైనికుల క్యాంపుకు వెళ్తున్నాడు. ఇతని మీద ఎవరూ చెయ్యి వెయ్యకూడదు. చాందో, సెక్షన్ కమాండర్. జూన్ నాలుగు."

కాగితం మడిచి ముచానెట చేతికిచ్చాడు.

"ఇది నీ దగ్గరుండాలి వదినా. అతని జేబులో ఉంటే సైనికులు చంపేస్తారు. మావాళ్ళెవరైనా ఇంటికొచ్చి అడిగితే చూపించు."

"ఇంటికి రాకుండా దారిలో పట్టుకుంటే?"

"ముందు ఇంట్లోనే అడుగుతారు. మా పద్ధతి అది."

ఆమె ఒక చిన్న కుండలో కాగితం పెట్టింది. మూతి మీద పచ్చిమట్టి మెత్తింది. అమ్మకానికి పెట్టిన కుండల మధ్యలో పెట్టింది. క్యాంపునుంచి సోదాకి వచ్చిన సైనికుడు దాని పక్కనే కూర్చుని నీళ్ళు తాగి వెళ్ళాడు.

ఆగస్టులో చాందో దళం తూర్పుకి వెళ్ళిపోయింది. ఇంకో దళం వచ్చింది. వెళ్ళేవాళ్ళు వచ్చేవాళ్ళకి దారులు చెప్పారు, నీళ్ళెక్కడున్నాయో చెప్పారు, ఏ ఇంట్లో కుక్క కరుస్తుందో చెప్పారు. దర్జీ సంగతి చెప్పలేదు. రెండో రోజు, ఎండ నడినెత్తిన ఉండగా, జైరోసి సైకిలు మీద మిషను కట్టుకుని క్యాంపునుంచి వస్తున్నాడు. దారిలో పట్టుకున్నారు.

వాగు దగ్గర ఒకామె, జైరోసిని పట్టుకున్నారని అరిచింది. ముచానెట కుండని రాయికేసి కొట్టింది. కాగితం పట్టుకుని పరిగెత్తింది. కొట్టు దాటింది. దారి పక్కనున్న చీమలపుట్ట దగ్గరికి చేరేసరికి సైకిలు చక్రం ఇంకా తిరుగుతోంది. వాళ్ళు లేరు. జైరోసి పడి ఉన్నాడు.

అక్కడ ఇంకొక మనిషి నిలబడి ఉన్నాడు. టగుమా, జైరోసి అన్న. అన్నలకి మా ఊరినుంచి మొక్కజొన్న సద్జా ముద్దలు, కోళ్ళు చేరవేసే కమిటీకి పెద్ద అతనే.  ముచానెట కాగితం అతని ముందుకు చాపింది. అతను చర్చిలో పాఠం చదివే మనిషి, చదవడం వచ్చు. చదివాడు. రెండోసారి చదివాడు. మడత పోకుండా మడిచి ఆమె చేతిలో పెట్టాడు. ఆ తర్వాత దుమ్ములో కూలబడిపోయాడు.

ఇదేమిటని అడగలేదు. ఆమెకి అది తర్వాత తోచింది. ఏమీ తెలియనివాడు ఇదేమిటని అడుగుతాడు.

ద్రోహి అని చంపినవాడి కోసం ఏడవకూడదు. ఏడిస్తే ఏడ్చినవాళ్ళూ ద్రోహులే. కత్తిరించని ఖాకీ గుడ్డలో చుట్టి ఆ పుట్ట పక్కనే పూడ్చారు. గొయ్యి తవ్వింది టగుమా, చకన్యుకా. చకన్యుకా ఆ ఇంటికి సహ్విరా. ప్రతి ఇంటికీ ఒక సహ్విరా ఉంటాడు. రక్తసంబంధం ఉండదు, కానీ చావింట్లో నవ్వించే హక్కూ, ఇంటి పెద్దని మొహం మీదే తిట్టే హక్కూ అతనివి. కోపం తెచ్చుకోవడానికి లేదు. ఆ రోజు చకన్యుకా ఎవర్నీ నవ్వించలేదు.

స్వాతంత్ర్యం వచ్చింది. పాటలు పాడాం. రాత్రీ పగలూ ఒకటే అయిన కొన్ని రోజులు గడిచాయి. చచ్చిపోయినవాళ్ళని ఒక్కొక్కరినీ ఇంటికి తెచ్చుకున్నాం. మా దగ్గర మనిషి చచ్చిన ఏడాదికి రాగులతో బీరు వండి, సమాధి మీద పోసి, పేరు పెట్టి పిలిచి ఇంట్లోకి తెచ్చుకుంటాం. అప్పటినుంచి అతను ఆ ఇంటి పెద్దల్లో ఒకడు. పిలవకపోతే బయటే తిరుగుతుంటాడు, గాలిలో. పిల్లలకి కాపు ఉండదు. రాగులు నీళ్ళలో పోసి నానబెట్టాల్సింది వంశంలో పెద్దవాడు. అతని చేత్తో పొయ్యకపోతే ఆ బీరు బీరు కాదు.

పంట నూర్చగానే ముచానెట చేటలో రాగులు పోసుకుని, కాగితం పైన పెట్టుకుని టగుమా వాకిట్లో మోకాళ్ళ మీద కూర్చుంది. మర్యాదకి అరచేతులు గుంటగా చేసి తట్టింది.

"బావగారూ, రాగులు తెచ్చాను."

"ఆ పేరెత్తకు సెకాయి తల్లీ. అన్నలు తేల్చిన సంగతి. మనమెవరం మార్చడానికి?"

"అన్నల సంతకమే తెచ్చాను."

అతను కాగితం వైపు చూడలేదు. "చాందో అంట! ఏ చాందో? తండ్రి పేరు లేదు, వంశం లేదు. వంశం లేని పేరు మీద నేను తమ్ముణ్ణి ఇంట్లోకి పిలవాలా? రాసినవాణ్ణి తీసుకురా. తన తండ్రి పేరు, తన వంశం నా ముందు చెప్పమను. అప్పుడు పోస్తాను రాగులు."

"మీరు మాటిచ్చారు. విన్నావా చకన్యుకా?"

"విన్నాను," అన్నాడు చకన్యుకా గోడ పక్కనుంచి. "షుంబా మాటిచ్చాడంటే చచ్చినవాడు లేచొచ్చినా తప్పడు. లేచి రాడని నమ్మకం కాబట్టి ఇస్తాడు."

సింహం వంశం పెద్దల్ని మేం షుంబా అంటాం. టగుమా అతని వైపు ఒక చూపు చూసి లోపలికి వెళ్ళిపోయాడు. మర్నాడు ముచానెట ఆ రాగులు తిరగట్లో పోసి పిండి చేసుకుంది.

మరుసటి ఏడు మళ్ళీ వెళ్ళింది. ఆ తర్వాతి ఏడూ వెళ్ళింది. బోరింగు దగ్గర సెకాయిని ఒక పిల్ల 'అమ్ముడుపోయినవాడి కూతురా, జరుగు' అంది. సెకాయి ఏడుస్తూ వచ్చి చెప్పింది. ముచానెట బిందె తీసుకుని కూతుర్ని వెంటబెట్టుకుని బోరింగు దగ్గరికి వెళ్ళింది. నీళ్ళు పట్టుకుంది, వచ్చేసింది. ఎవరితోనూ దెబ్బలాడలేదు. ఆ రోజే పెద్దల బడిలో చేరింది. మిగతావాళ్ళు అక్షరాల పుస్తకం తెచ్చుకున్నారు. ఆమె కాగితం తెచ్చుకుంది.

"ముందు చిన్న మాటలు నేర్చుకో అమ్మా," అంది పంతులమ్మ.

"నాకు ఈ మాటలే కావాలి."

రెండేళ్ళు పట్టింది. చదవడం వచ్చాక ఆమె మాటలు చూడడం మానేసింది, చెయ్యి చూడడం మొదలుపెట్టింది. కింద తోక ఉన్న అక్షరాలకి అతను తోకని వెనక్కి తిప్పి ముడి వేస్తాడు, మేకపిల్లని గుంజకి కట్టినట్టు. అడ్డగీత గీసేటప్పుడు చివర గట్టిగా ఒత్తుతాడు. కాగితం వెనక ఆ చోటు వేలికి తగులుతుంది.

కుండలు నెత్తిన పెట్టుకుని సంతలన్నీ తిరిగింది. యుద్ధంలో ఉన్నవాడు కనబడితే చాలు, చాందో తెలుసా అని అడిగేది. ఒక చాందో మొజాంబిక్‌లో చచ్చిపోయాడు. ఒక చాందో ఉత్తరాన పోరాడాడట, ఇటు రానే లేదు. జాకా బస్టాండులో ఒకడు గుండె మీద చెయ్యి వేసుకుని, "నేనే అత్తా చాందోని, ఒక బీరు ఇప్పించు, అంతా చెప్తాను," అన్నాడు. ఆమె బొగ్గుముక్క ఇచ్చి కుండ మీద రెండు మాటలు రాయమంది. రాశాడు.

"నువ్వు కాదు."

"ఎందుక్కాదు?"

"నీ తోకలు వేలాడుతున్నాయి."

వాడికి అర్థం కాలేదు. బీరు మాత్రం ఇప్పించింది, బొగ్గు పట్టుకున్నందుకు.

తొంభై మూడులో, కరువు తగ్గిన ఏడు, చిరెద్జి దారిలో ఆమె, పిడుదులు పోవడానికి పశువుల్ని ముంచే మందునీళ్ళ తొట్టి దగ్గర ఆగింది. కాపలా గుడిసె తలుపు మీద నల్లబల్ల వేలాడుతోంది. సుద్దతో ఏదో రాసి ఉంది. గురువారం ఈ ఊళ్ళ పశువులు, శుక్రవారం ఆ ఊళ్ళవి. ఆమె చదవలేదు. తోకలు చూసింది. నెత్తిమీద కుండలు దించి, ఒక్కొక్కటే నేలమీద పెట్టి, నల్లబల్ల దగ్గరికి వెళ్ళి అడ్డగీత చివర ముట్టుకుంది. సుద్ద అక్కడ మందంగా ఉంది.

"చెరపకమ్మా," అన్నాడు వెనకనుంచి ఒకాయన. నలభై దాటాయి. రబ్బరు బూట్లు, రెండూ ఒకే రకం. పేరు ఫినియసి.

ఆమె మోకాళ్ళ మీద కూర్చుని చేతులు తట్టింది. "చాందో గారూ, బాగున్నారా?"

ఆయన చేతిలో కర్ర కిందికి దిగింది.

"ఆ పేరు పూడ్చేశానమ్మా."

"మట్టి తవ్వడమే నా పని."

కాగితం ఇచ్చి, జరిగిందీ, బావగారు పెట్టిన షరతూ చెప్పింది. చాలాసేపు చూశాడు. వెనక ఎద్దులు తొట్టిలోకి దూకుతున్నాయి, నీళ్ళు ఎగిరి ఆయన మీద పడుతున్నాయి, జరగలేదు.

"చెయ్యి నాదే. ఈ మనిషి నాకు గుర్తు లేడు."

"పొడుగ్గా ఉంటాడు. వాగు దగ్గర, మట్టిగోతి అంచున కూర్చున్నాడు. సైనికుల ప్యాంట్ల మీద జోకు వేస్తే మీరు నవ్వారు."

"నవ్వే ఉంటాను. ఇలాంటివి ముప్ఫై రాశానేమో. ఎవరికీ చెప్పకుండా తూర్పుకి వెళ్ళిపోయాం. ఒకణ్ణి గుర్తు తెచ్చుకుంటే ముప్ఫైమందీ వస్తారు. వెళ్ళమ్మా. నేను రాను."

ఆమె వెళ్ళలేదు. సాయంత్రం దాకా తొట్టి గోడ పక్కన కూర్చుంది. తర్వాతి గురువారం మళ్ళీ వచ్చి కూర్చుంది. పశువుల్ని తోలుకొచ్చిన వాళ్ళు నవ్వడం మొదలుపెట్టారు. "ఏం ఫినియసీ, చిన్న పెళ్ళాం వచ్చిందా?" మూడో గురువారం ఆయన పని అయ్యాక బూట్లు కడుక్కుని ఆమె ముందు గొంతుక్కూర్చున్నాడు.

"నాకు గుర్తుందని చెప్పమంటావా అక్కడ?"

"వద్దు. ఉన్నదే చెప్పండి."

"ఉన్నది తక్కువ."

"తక్కువే చాలు. ఇంతకాలం అది కూడా లేదు."

బస్సు ఎక్కాడు.

టగుమా వాకిలి ఊడ్చి ఉంది. బంధువులు చేరారు. చకన్యుకా ఫినియసిని పైనుంచి కిందకి చూసి, "చలి అంటే వణుకు పుట్టిస్తావనుకున్నా. నువ్వే వణుకుతున్నావేంటయ్యా," అన్నాడు. ఫినియసి టోపీ తీసి నేల మీద కూర్చుని తండ్రి పేరు చెప్పాడు, ఊరు చెప్పాడు, ఎలాండ్ దుప్పి వంశమని చెప్పాడు.

"ఈ కాగితం నేను రాసింది. సంతకం నాది. ఇందులో ఉన్న మనిషి మొహం నాకు గుర్తు లేదు. నా తర్వాత వచ్చిన దళానికి చెప్పాల్సింది. చెప్పలేదు."

టగుమా జుట్టు తెల్లబడింది. అతను గట్టిగా అన్నాడు. "మొహం గుర్తులేనివాడి మాట సాక్ష్యమా?"

"గుర్తుందని అబద్ధం చెప్పమని ఈవిడ అడగలేదు. అడిగుంటే వచ్చేవాణ్ణి కాదు."

"కాగితం ఎవరైనా రాయొచ్చు. నాకు కళ్ళు కనబడవు."

"అబ్బో," అన్నాడు చకన్యుకా. "మొన్న ఆదివారం చర్చిలో పేజీన్నర చదివావు షుంబా. దేవుడి అక్షరాలు కనబడతాయి, తమ్ముడివి కనబడవా? ఆ రోజు కూడా కనబడ్డాయిగా. ఇంకొకళ్ళైతే నిన్ను అడగలేరు. నేను సహ్విరాని. నేనడుగుతున్నా. ఆ రోజు నువ్వక్కడ ముందే ఎందుకున్నావ్?"

 వాకిట్లో కోళ్ళు తిరుగుతున్నాయి.

 టగుమా చేతులు మోకాళ్ళ మీద ఉన్నాయి. చివరికి ముచానెటతోనే మాట్లాడాడు. మిగతావాళ్ళు లేనట్టు.

"మూడుసార్లు చూశాను, క్యాంపు గేట్లోంచి రావడం. కొత్త దళం వాళ్ళు అడిగారు, సైనికుల దగ్గరికి వెళ్ళేదెవరని. చూసింది చెప్పాను. తమ్ముడని దాస్తే ఊరంతా కాలుస్తారనుకున్నాను. అతన్ని మాత్రం ఒక్క మాట అడగలేదు."

"నాకు తెలుసు."

"ఎప్పట్నుంచి?"

"మీరు దుమ్ములో కూర్చున్నప్పట్నుంచి."

"మరి ఇన్నేళ్ళూ..."

"నేను దానికి రాలేదు బావగారూ. రాగులకి వచ్చాను."

అతని గొంతు తగ్గింది. "బయట ఉన్నాడు కాబట్టి నన్ను వదిలాడు. ఇంట్లోకి తెస్తే నా మనవల్ని వదుల్తాడా?"

ముచానెట చేట ముందుకు జరిపింది. "బయటుంటే పగవాడు. లోపలికొస్తే తాత. మీ మనవలకి ఏది కావాలో మీరే చెప్పండి."

 ఫినియసి టోపీ చేతుల్లో తిప్పుతున్నాడు.  అప్పుడు టగుమా లేచాడు. చేట ఎత్తుకున్నాడు. నీళ్ళకుండ దగ్గరికి వెళ్ళి రాగులు వంచాడు. చెయ్యి మోచేతిదాకా పెట్టి కలిపాడు. ముసలి ఆడవాళ్ళు మొలకకట్టడానికి గోనెసంచులు పరిచారు.

రాగులు మొలకెత్తి, ఎండి, పిండై, ఏడు రోజులు పులిశాయి. ఎనిమిదో రోజు తెల్లారి చీమలపుట్ట దగ్గరికి నడిచాం. ఫినియసి కూడా నడిచాడు, అందరికన్నా వెనక. పుట్ట పెరిగి సమాధిలో సగం తినేసింది. టగుమా మోకాళ్ళ మీద కూర్చుని బీరు పోశాడు. నేల తాగేసింది. మళ్ళీ పోశాడు.

"జైరోసీ. షుంబా. నేను, మీ అన్నని. నిన్ను చూసింది నేను. చెప్పింది నేను. ఎందుకు వెళ్తున్నావురా అని అడగలేదు. ఇక్కడ అందరి ముందూ ఒప్పుకుంటున్నాను, నువ్వు ద్రోహివి కాదు. ఇంటికి రా. నన్నేమైనా అనాలనుకుంటే ఇంటికొచ్చి అను."

ఆడవాళ్ళు కొందరు ఏడ్చారు. ఆ చోట ఏడవడం అదే మొదటిసారి. సెకాయి గట్టిగా ఏడ్చింది. ముచానెట ఏడవలేదు. పని ఇంకా అవలేదు. కొట్టుకొచ్చిన పచ్చికొమ్మని సమాధి మీంచి ఇంటిదాకా ఈడ్చాలి, మధ్యలో ఆగకూడదు, చచ్చినవాడు దాని మీదే ఇంటికొస్తాడు. కాడకి ఒక పక్క ఆమె పట్టుకుంది. ఇంకో పక్క టగుమా పట్టుకున్నాడు. కొట్టు దాటారు. అరుగు దాటారు. ఆకులు దుమ్ములో వెడల్పాటి గీత గీస్తూ వచ్చాయి. వెనక వచ్చేవాళ్ళందరూ ఆ గీత తొక్కకుండా పక్కన నడిచారు.